రాతప్రతి ఇచ్చేశారు, ఇక పని మొదలు

తొలి పుస్తకం ఎలా రాయాలో చెప్పేవాళ్ళకి మనలో కొదవ లేదు. రాతప్రతి ప్రచురణకర్త చేతిలో పెట్టి ఇంటికొచ్చాక, అచ్చయిన కాపీ చేతికందేదాకా ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మధ్యకాలం ఆరు నెలలు కావచ్చు, ఏడాదిన్నర కావచ్చు. చాలామంది ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుని దాన్ని వెళ్ళబుచ్చుతారు. నన్నడిగితే పుస్తకం పనిలో రెండో సగం అదే. తెలుగులో పేరున్న సంస్థ వేసినా సరే, ప్రూఫులు దిద్దేది, ముందుమాట అడిగి తెచ్చేది, చివరికి కాపీలు జనానికి చేర్చేది ఎక్కువ శాతం రచయితే. ఖర్చులో భాగం కూడా తరచు రచయితదే. ఇన్ని పనులు నెత్తిన ఉన్న మనిషికి ఎదురుచూస్తూ కూర్చునే తీరిక ఎక్కడిది?

చింతలపూడి లాంటి ఊళ్ళో ఈ కాలానికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. మీరు విజయవాడ వెళ్ళి రాతప్రతి ఇచ్చొచ్చిన సంగతి మర్నాటికల్లా బస్టాండు దగ్గర టీకొట్టుకి చేరిపోతుంది. ఇక కనబడ్డవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న.

‘‘పుస్తకం ఎందాకా వచ్చిందిరా?’’

‘‘అచ్చులో ఉంది బాబాయ్.’’

‘‘కిందటేడు మామిడి పూత మీద ఉన్నప్పుడు కూడా అచ్చులోనే అన్నావు కదరా!’’

అడిగేవాళ్ళలో వెటకారం తక్కువే, ఆపేక్షే ఎక్కువ. అయినా రోజుకి నలుగురికి ఇదే జవాబు చెబుతుంటే మనిషి డీలా పడిపోతాడు. నేను చెప్పేది ఒక్కటే: ఎవరికీ తారీఖు చెప్పకండి. ‘సంక్రాంతికి వస్తుంది’ అన్నారంటే సంక్రాంతి నుంచి మీరు ఊరందరికీ బాకీ పడ్డట్టే. పని ఏ దశలో ఉందో చెప్పండి, చాలు. ‘డీటీపీ అయింది బాబాయ్, రెండో ప్రూఫు దిద్దుతున్నాను’ అంటే అది నిజం, పైగా ఎవరూ వేలెత్తి చూపలేని నిజం. ఇంట్లోవాళ్ళకీ ఇదే మాట చెప్పండి. ముఖ్యంగా మీ పుస్తకం మీద మీకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్న అమ్మకి.

దశలు అన్నాను కాబట్టి అవేమిటో టూకీగా చెబుతాను. రాతప్రతి తీసుకున్నాక సంస్థ దాన్ని చదివించి, వేస్తామో లేదో చెబుతుంది. తర్వాత ఒప్పందం. ఆపైన డీటీపీ, ఒకటి రెండు మూడు ప్రూఫులు, ముఖచిత్రం, ముందుమాట, ఐఎస్‌బిఎన్, ప్లేట్లు, అచ్చు, బైండింగు. ఇందులో అచ్చు, బైండింగుకి పట్టేది కొద్ది రోజులే. నెలలన్నీ మింగేది దానికి ముందు జరిగే పని, అందులోనూ సగం మీ టేబులు మీద జరిగేదే.

ముందు ఒప్పందం గురించి. తెలిసినవాళ్ళ మధ్య కాగితాలేమిటని మొహమాటపడేవాళ్ళు మనలో ఎక్కువ. తోట గుత్తకిచ్చేటప్పుడు మాత్రం ఇదే మనిషి ఎన్ని చెట్లు, ఎంత సొమ్ము, ఎన్ని విడతలు అని కాగితం రాయించుకుంటాడు. ఖర్చు ఎవరిది, ఎన్ని కాపీలు, మీకెన్ని ఇస్తారు, రాయల్టీ ఎంత, అనువాదం, ఆడియో, ఈ-బుక్ హక్కులు ఎవరివి అన్నవి ఒక్క పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే సరిపోతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ తొలి రచయితలందరూ చదవదగ్గది. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలని అది చెబుతుంది. ఎంతకాలానికో రాసుకోకపోతే ఐదేళ్ళకేనని లెక్క, ఎక్కడెక్కడికో రాసుకోకపోతే మన దేశం వరకేనని లెక్క. వేరే షరతేదీ రాసుకోనప్పుడు, హక్కు పుచ్చుకున్నవాళ్ళు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే ఆ బదిలీ రద్దయిపోయినట్టే. ఎదురుచూసేవాడికి చట్టం ఇచ్చిన చేతికర్ర ఇది. పోట్లాడటానికి వాడమని చెప్పడం లేదు. అలాంటిది ఉందని తెలిస్తే రాత్రి నిద్ర పడుతుంది, అంతే.

ఇలాంటి ఆసరా లేని రోజుల్లో ఏం జరిగేదో చూడండి. ఇంగ్లండులో జేన్ ఆస్టెన్ 1803లో ఒక నవలని పది పౌన్లకి అమ్మింది. ఆమె రాసినవాటిలో ప్రచురణకర్త డబ్బిచ్చి తీసుకున్న మొదటి నవల అదే. కొన్నాయన ప్రకటన వేశాడు గాని పుస్తకం వెయ్యలేదు. ఆరేళ్ళు చూసి 1809లో మారుపేరుతో ఉత్తరం రాస్తే, ఇంకెక్కడైనా వేయిస్తే కోర్టుకెక్కుతాం, కావాలంటే ఆ పది పౌన్లు కట్టి తీసుకుపొమ్మని జవాబొచ్చింది. 1816లో ఆమె అన్న ఆ డబ్బు కట్టి రాతప్రతి విడిపించాడు. అది ‘నార్తాంగర్ ఆబీ’గా వెలువడేసరికి 1817 డిసెంబరు అయింది. అప్పటికి ఆమె పోయి అయిదు నెలలు. ఇందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ నవల అక్కడ మూలుగుతుండగానే ఆమె వేరే నవలలు రాసింది, 1811 నుంచి వరసగా అచ్చు వేయించింది. ఒక పుస్తకం ఆగిపోయిందని తనూ ఆగిపోలేదు.

ఇక ప్రూఫులు. అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టేదీ, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేదీ ఇదే.

ఇప్పుడు మనమంతా ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో టైపు చేస్తున్నాం. చాలామంది డీటీపీవాళ్ళు దాన్ని ‘అను’ ఫాంట్లలోకి మార్చుకుని పేజీలు కడతారు. ఆ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి, దీర్ఘాలు ఎగిరిపోతాయి. ‘లాప్‌టాప్’ అని మీరు కొట్టింది ‘లాప్టాప్’ అయి కూర్చుంటుంది. ‘కాయ కోత’ కాస్తా ‘కాయ కొత’ అవుతుంది. ‘పిందె’ అని మీరు రాస్తే, ఆ మాట ఎరగని చెయ్యి ‘పిండి’ అని దిద్దుతుంది. దిద్దినతను మంచి ఉద్దేశంతోనే దిద్దాడు. అందుకే మీ పుస్తకంలో వచ్చే ఊళ్ళపేర్లు, ఇంటిపేర్లు, యాస మాటలు ఒక తెల్లకాగితం మీద రాసి రాతప్రతితో పాటే ఇవ్వండి. ప్రగడవరం, కామవరపుకోట, లింగపాలెం, విస్సన్నపేట, చాట్రాయి. చిన్నరసాలు కలిపి రాయాలా విడదీసి రాయాలా, ‘నూజివీడు’ అనాలా ‘నూజివీడ్’ అనాలా, మీరే తేల్చి చెప్పండి. పుస్తకమంతా ఒకేలా ఉంటుంది.

ప్రూఫు పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో వస్తుంది. ఫోనులో చదవకండి. జిరాక్సు షాపుకెళ్ళి ప్రింటు తీయించుకోండి. తప్పు దొరికినచోట అక్షరం చుట్టూ ఎర్రకలంతో సున్నా చుట్టి, ఒప్పు మార్జిన్‌లో రాయండి. లైన్ల మధ్య ఇరికించి రాస్తే కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకి కనబడదు. ఒంటరిగా దిద్దకండి. రాసినవాడి కన్ను కాగితం మీద ఉన్నదాన్ని వదిలేసి తన మనసులో ఉన్నదాన్ని చదువుతుంది. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లో పిల్లాడో ఉంటే మూలం చేతికిచ్చి పైకి చదవమనండి. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా చదవాలి. మీరు ప్రూఫు మీద వేలు పెట్టి వెంట వెళ్ళండి. రోజుకి ఒక ఫారం మించొద్దు. ఫారం అంటే పదహారు పేజీలు. అంతకు మించితే కళ్ళు చూస్తుంటాయి గాని బుర్ర చూడదు.

రెండో ప్రూఫులో అందరూ చేసే పని ఒకటుంది. మొదటిసారి ఎర్రసున్నా చుట్టిన అక్షరాలు మారాయో లేదో చూసి పక్కన పెట్టేస్తారు. దిద్దిన లైనులో అక్షరాలు అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి కొత్త తప్పు పుట్టేది సరిగ్గా అక్కడే. దిద్దిన లైను, పైలైను, కిందిలైను, మూడూ మళ్ళీ చదవాలి. పేరా కింది పేజీలోకి జారితే విషయసూచికలో పేజీ నంబర్లు కూడా మారిపోతాయి, వాటిని ఆఖరున మళ్ళీ సరిచూడాలి. అట్ట మీద, వీపు మీద, అంకితం పేజీలో ఉన్న పేర్లు విడిగా చదవండి. ఏ పుస్తకంలోనైనా అందరి కళ్ళూ పడే తప్పు అట్ట మీదే దొర్లుతుంది. పెద్దక్షరాల్లో తప్పుంటుందని ఎవరూ అనుకోరు కదా.

ప్రూఫు దిద్దుతుంటే కథ తిరగరాయాలన్న దురద పుడుతుంది. మూడో కథకి ముగింపు మారిస్తే బాగుండుననిపిస్తుంది, నాయకుడి చేత ఇంకో మాట అనిపించాలనిపిస్తుంది. ఆపుకోండి. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడకి అది చాలలేదు. ఆ అసంతృప్తిని ఆయన ప్రూఫుల మీద రుద్దలేదు, నాటకాన్ని దాదాపు కొత్తగా రాసి 1909లో రెండో కూర్పుగా వేయించారు. ఇవాళ మనం చదివేది ఆ రెండో కూర్పే. మీ దురదలన్నీ ఒక నోటుబుక్కులో ‘రెండో ముద్రణకి’ అని రాసి పెట్టుకోండి.

పేజీల లెక్క కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. డెమ్మీ సైజు పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది. మీది 131 పేజీలకి వచ్చిందనుకోండి. ఎనిమిది ఫారాలు దాటి మూడు పేజీలు ఎక్కువన్నమాట. ఆ మూడింటి కోసం ఇంకో సగం ఫారమైనా ఖర్చు పెట్టాలి. లేదా ఎక్కడో ఒక కృతజ్ఞతల పేజీ, ఒక అభిప్రాయం తగ్గిస్తే 128కి సర్దుకుంటుంది. తగ్గించడానికి నా ఓటు ఎప్పుడూ అభిప్రాయాలకే. ఎంత పలచని పుస్తకానికైనా నలుగురు పెద్దల దీవెనలు మోయించడం మనవాళ్ళకి అలవాటైపోయింది.

ముందుమాట దగ్గర తెలుగు పుస్తకాలు ఆగినంతగా ఇంకెక్కడా ఆగవు. పెద్దాయన రాస్తానన్నారు, ఊళ్ళో లేరు, ఒంట్లో బాగాలేదు, మనవరాలి పెళ్ళి. నెలలు దొర్లిపోతాయి. ఎవర్ని అడిగినా ఒక్కరినే అడగండి. రెండో ప్రూఫు ఇచ్చి, నెల గడువు మర్యాదగా చెప్పండి. ‘మీకు వీలుపడకపోతే పర్వాలేదండి, రెండో ముద్రణకి రాద్దురుగాని’ అని ముందే దారి చూపిస్తే ఆయనకీ ఇబ్బంది ఉండదు, మీకూ చిన్నబోయినట్టుండదు. ముందుమాట లేకుండా వచ్చిన పుస్తకాన్ని పాఠకుడు మొదటి కథతో మొదలుపెడతాడు. అంతకంటే ఏం కావాలి?

దీనికి తలకిందులుగా జరిగిన కథ కూడా మన దగ్గరే ఉంది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కి చలం ‘యోగ్యతాపత్రం’ రాసింది 1940లో. పుస్తకాన్ని నళినీకుమార్ మచిలీపట్నంలో వేసేసరికి 1950. ముందుమాట సిద్ధమై పదేళ్ళు కూర్చుంది. శ్రీశ్రీకి అది తొలి పుస్తకం కూడా కాదు, ‘ప్రభవ’ 1928లోనే వచ్చింది. అప్పటికే పేరున్న కవికే పదేళ్ళు పట్టిందంటే, మీ ఆర్నెల్లూ మీకు జరిగిన అన్యాయం కాదు. అయితే ఆ పదేళ్ళూ ఆ కవితలు బీరువాలో లేవు. పత్రికల్లో వచ్చాయి, నోటికి నోరు పాకాయి, పుస్తకం వచ్చేసరికి పాఠకులు సిద్ధంగా ఉన్నారు. మీ కథలు కొన్ని ఇంకా ఏ పత్రికలోనూ రాకపోతే ఈ నెలల్లో పంపండి. పంపేముందు ఒప్పందం ఒకసారి చూసుకోండి. వచ్చినవాటికి పత్రిక పేరు, తేదీ రాసి ఉంచుకోండి, కథ చివర వేసుకోవాలి.

చిన్నాచితకా పనులు కొన్ని ఉన్నాయి. ఐఎస్‌బిఎన్‌ని మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది, దానికి రుసుము లేదు. సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో అడగొచ్చు. ఆ నంబరుకని ఎవరైనా మీ దగ్గర వేలు వసూలు చేస్తుంటే దేనికని అడగండి. సొంతంగా వేసుకుంటే చట్టం కళ్ళకి మీరే ప్రచురణకర్త. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకీ, మరో మూడు గ్రంథాలయాలకీ తలా ఒక కాపీ ముప్పై రోజుల్లోగా మీ ఖర్చుతో పంపాలి. చెన్నైలోని కన్నెమరా లైబ్రరీ ఆ మూడింటిలో ఒకటి. వయసు ముప్పై అయిదు లోపయితే కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం సంగతి కూడా గుర్తుంచుకోండి. వయసు లెక్క పురస్కారపు ఏడాది జనవరి ఒకటి నాటికి చూస్తారు.

ఎన్ని కాపీలు వెయ్యాలన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన మాట. ఎక్కువ వేస్తే ఒక్కో కాపీకి ఖర్చు తగ్గుతుందని ప్రెస్సువాళ్ళు చెప్పేది నిజమే. ఆ లెక్క చూసి వెయ్యి వేయిస్తే ఏడు వందలు మంచం కింద కట్టలుగా ఉంటాయి. ఇంటావిడ ఊడ్చిన ప్రతిసారీ వాటిని జరపాలి. తొలి పుస్తకానికి మూడు వందలు చాలు. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో అయిపోయాక ఇంకో వంద వేయించుకోవచ్చు. తోట మీద వచ్చిన డబ్బు పెడతారో జీతంలోంచి పెడతారో మీ ఇష్టం, వడ్డీకి తెచ్చి మాత్రం పుస్తకం వెయ్యొద్దు.

రోజులు ఎలా గడపాలంటారా? ప్రచురణకర్తకి పదిహేను రోజులకొకసారి, ఒకే ఒక ప్రశ్నతో, వాట్సాప్‌లో రాయండి. ఫోను చేస్తే ‘చూస్తున్నామండీ’ అన్న మాట గాలిలో పోతుంది. రాసింది తేదీతో సహా ఉంటుంది. ఇదివరకు రాతకి కేటాయించిన గంటని మాత్రం వదులుకోకండి. తెల్లవారుజామునో, పిల్లలు పడుకున్నాకో, అది ఎంతో కష్టపడి సంపాదించుకున్న గంట. ఖాళీగా ఉందని ఇంట్లోవాళ్ళకి తెలిసిందంటే ఎవరో ఒకరు దాన్ని లాగేసుకుంటారు. ప్రూఫు లేని రోజున కొత్త కథ మొదలుపెట్టండి. అది కుదరకపోతే మీ పుస్తకం నిజంగా చదివేవాళ్ళ పేర్లు రాయండి. బంధువుల జాబితా ఒకటి, చదివేవాళ్ళ జాబితా ఒకటి. రెండింటిలోనూ ఉండే పేర్లు ఎన్నో చూస్తే కొంచెం నవ్వొస్తుంది.

ఎప్పుడు విడుదల చెయ్యాలన్నది మన ప్రాంతంలో రెండు సీజన్ల మధ్య తేల్చుకోవాల్సిన విషయం. హైదరాబాదు పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరి తొలి రోజుల్లో జరుగుతాయి. ఆ వేళకి అందాలని అందరూ ఒకేసారి పరిగెడతారు. క్యాలెండర్లు, డైరీల పని కూడా ప్రెస్సులకి అప్పుడే. ఆ తొక్కిడిలో మీ మూడో ప్రూఫు ఎగిరిపోతుంది. ప్రదర్శనకి కావాలంటే అక్టోబరు నాటికి ప్రూఫులు ముగించండి, లేదంటే ఆ ఏడాదికి వదిలెయ్యండి. ఆవిష్కరణ సభ ఏప్రిల్, మేలలో ఇక్కడ పెట్టుకోకండి. రసాలు, బంగినపల్లి కోతకొచ్చిన రోజుల్లో తోట ఉన్నవాడు తోటలోనో, నున్న మామిడి మార్కెట్లోనో ఉంటాడు. సభకి వచ్చిన నలుగురూ గాలివాన వస్తుందేమోనని ఆకాశం వంకే చూస్తుంటారు. జూలై, ఆగస్టుల్లో పెట్టండి, తీరిగ్గా వస్తారు, కొనుక్కుంటారు కూడా.

ఆఖరి ప్రూఫులో ‘ప్రతులకు’ అన్న పేజీ ఉంటుంది. అందులో మీ చిరునామా, ఫోను నంబరు, వెల. కొన్నిసార్లు డీటీపీ వాళ్ళ దగ్గరున్న పాత నమూనాలోంచి ‘పశ్చిమ గోదావరి జిల్లా’ అనో, నూజివీడు రచయితకైతే ‘కృష్ణా జిల్లా’ అనో వచ్చేస్తుంది. చింతలపూడి, నూజివీడు రెండూ 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. పిన్‌కోడ్ సహా సరిచూసుకోండి. ఆ నంబరుకి ఎవరో ఫోను చేసి పుస్తకం అడిగినప్పుడు డబ్బు ఎలా పంపాలో, ఎలా పోస్టు చేస్తారో ముందే ఆలోచించుకుని, కవర్లు కొని పెట్టుకోండి.

ఒక్క మనవి చేసి ముగిస్తాను. ఇంటిపన్నుతో పాటు మనమంతా గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మన ఊళ్ళ గురించి మనవాళ్ళు రాసిన పుస్తకాలు మన ఊరి లైబ్రరీలోనే దొరకవు, ఎందుకంటే రాసినవాళ్ళెవరూ తెచ్చివ్వలేదు. కాపీలు వచ్చిన రోజున, శాలువా కప్పేవాళ్ళ వంతు రాకముందే, రెండు కాపీలు శాఖా గ్రంథాలయానికి ఇచ్చి రిజిస్టరులో ఎక్కించి రండి.